పద్మనాభం వైపు చెరువులో వారం రోజుల గాలం వేట: ఏళ్లుగా వెళ్తున్నవాడి రివ్యూ

ఒక్కరోజు వెళ్లి సాయంత్రానికి సంచి నింపుకుని రావాలనుకునేవాళ్లకి ఈ చెరువు పనికిరాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. పెద్ద బొచ్చె చేప (కట్ల) గాలానికి తగిలితే ఎలా ఉంటుందో చూడాలని, చూశాక దాన్ని మళ్లీ నీళ్లలో వదిలే మనసు ఉన్నవాళ్లకి మాత్రం వైజాగ్ చుట్టుపక్కల ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. మేం నలుగురం. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాడొకడు, గాజువాకలో షాపున్నవాడొకడు, మా బావమరిది, నేను. కొన్నేళ్లుగా ఏటా ఒక వారం ఆ గట్టు మీదే ఉంటున్నాం. ఆనందపురం నుంచి పద్మనాభం వైపు వెళ్లి లోపలికి తిరగాలి, చుట్టూ కొబ్బరి, జీడిమామిడి తోటలు. పేరు బయట రాయొద్దని ఓనర్ గారు అడిగారు, అందుకే రాయట్లేదు.

ఎదురుగా సముద్రం పెట్టుకుని చెరువు గట్టుకి పోవడమేంటని మా ఇంట్లోనే అడుగుతారు. సముద్రం నాకూ ఇష్టమే, జోడుగుళ్లపాలెం రాళ్ల మీద నిలబడి గాలం వేసినవాణ్ణే. కాకపోతే అక్కడ ఏది వస్తుందో, అసలు వస్తుందో రాదో మన చేతిలో లేదు. చెరువులో చేప ఎక్కడికీ పోదు. అది ఎక్కడ మేస్తోంది, ఏ టైముకి కదులుతోంది, దేనికి బెదురుతోంది అని కనిపెట్టుకుంటూ పోవడంలోనే మజా అంతా, దానికి తీరిక కావాలి. వారం ఎందుకంటే అందుకే.

మొదటి రెండు రోజులూ మేం గాలం వేయడం కంటే మేత వేయడం ఎక్కువ. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క, బెల్లం, కాస్త మెంతిపొడి కలిపి ముద్దలు చేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదే చోట, అదే టైముకి. మొదటి ఏడాది మా తొందర చూసి చెరువు కాపలా పెద్దాయన "ముందు ఆటికి మీ తిండి మీద నమ్మకం రావాల బావూ" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మూడో రోజు నుంచి ఆ చోట బుడగలు లేవడం మొదలవుతుంది, నీళ్లు కొంచెం బురదగా మారతాయి. అంటే బంగారుతీగలు (కామన్ కార్ప్ చేపలు) వచ్చి అడుగున మట్టి తవ్వుతున్నాయన్నమాట. ఒక్కరోజు టికెట్టు తీసుకుని ఆడే చెరువుల్లో ఇది చూడలేరు, అక్కడ మేత అలవాటయ్యేసరికి మన టైం అయిపోతుంది.

ఏ చేప ఏ లోతులో తింటుందో తెలియకుండా వెళ్తే వారం కూడా చాలదు. బొచ్చె పై నీటిలో తిరుగుతుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది, నీళ్లలో తేలే సన్నటి జీవుల్ని మొప్పలతో వడకట్టుకుని తింటుంది. కాబట్టి దానికి గట్టి ఎర కాదు, నీళ్లలో మెల్లగా విడిపోయే మెత్తటి ముద్ద కావాలి, బెండు కట్టి పైపైనే వేలాడదీయాలి. శీలావతి (రోహు) మధ్య నీటిలో ఉంటుంది, ఎర్రమోసు (మృగాల) అడుగున. బంగారుతీగ కూడా అడుగునే, దానికి ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలకి మించింది లేదు. గింజని గాలానికి గుచ్చకుండా, గాలం వంపు వెనక చిన్న దారం వదిలి దానికి కడతాం, హెయిర్ రిగ్ అంటారు. 1980ల మొదట్లో ఇంగ్లండ్‌లో కార్ప్ వేటగాళ్ల దగ్గర మొదలైన పద్ధతి. చేప గింజని పీల్చి, ఏదో తేడాగా ఉందని ఉమ్మేయబోతే ఖాళీగా ఉన్న గాలం కింది పెదవికి పట్టుకుంటుంది. గొంతులోకి దిగదు, తీయడం సులువు. వదిలేసే చేపకి ఇది చాలా ముఖ్యం.

టైం సంగతి. అందరూ తెల్లవారుజామునే గాలం వేయాలంటారు, ఈ చెరువు విషయంలో నేను ఒప్పుకోను. రాత్రంతా నీళ్లలో నాచు, చేపలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి గానీ తయారు చేసేది ఏదీ ఉండదు, అందుకే సూర్యుడు రాకముందు ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. ఎండ పడి, గంటా రెండు గంటలు గడిచాక చేప చురుగ్గా మారుతుంది. మాకు పెద్దవన్నీ పొద్దున ఎనిమిది దాటాక, లేదంటే సాయంత్రం పొద్దువాలే ముందు తగిలినవే. మబ్బు పట్టి గాలి లేని రోజున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలాలు తీసేసి కాపలా పెద్దాయనకి చెప్పి ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే మిషను) వేయించండి. ఆ టైంలో చేపని అలిసిపోయేదాకా ఆడించడం పాపం.

కిందటిసారి మా బావమరిదికి 14 కిలోల బొచ్చె తగిలింది. రాడ్ కొసకి కట్టిన గంట ఒక్కసారి మోగింది, మేం లేచేలోపే రీల్ కూతపెట్టడం, తంగూసు బర్రున చెరువు మధ్యకి పోవడం... అది కొమ్మల వైపు లాగుతుంటే వాడు నడుం లోతు నీళ్లలోకి దిగిపోయాడు, స్టీల్‌ప్లాంట్ వాడు చేతివల పట్టుకుని వెనకాలే, నేను గట్టు మీద నుంచి అరవడం తప్ప చేసిందేం లేదు. ఒడ్డుకొచ్చాక తడిపిన స్పాంజి పరుపు మీద పడుకోబెట్టి, తడి గుడ్డలో తూచి, రెండు నిమిషాల్లో వదిలేశాం. నీళ్లలో నిటారుగా పట్టుకుని, అది తనంతట తాను తోక కొట్టేదాకా వాడు కదల్లేదు. బొచ్చె చాలా సున్నితం, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పుండ్లు పడతాయి. బంగారుతీగ తట్టుకున్నట్టు ఇది తట్టుకోదు.

ఇక్కడ ఐదారు గాలాలు ఒకే ఉండలో పెట్టే గుత్తి గాలాలు నిషేధం. ఆ రూల్ మీద ఓనర్ గారు గట్టిగా ఉంటారు, ఆయన మీద నా గౌరవానికి అదే కారణం. గుత్తి గాలం చేప కంట్లోనో పొట్టలోనో కూడా దిగుతుంది.

బాధ కలిగించింది ఒకటుంది. ఒక ఏడాది మేం వెళ్లేసరికి సంక్రాంతికి వల లాగించి పెద్ద చేపలు చాలావరకు అమ్మేశారని తెలిసింది. బుకింగ్ అప్పుడు ఆ ముక్క చెప్పలేదు, వారమంతా కిలో, రెండు కిలోల చేపలే. చెరువు ఆయనది, అమ్ముకునే హక్కు ఆయనది, కాదనను. కానీ బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీటి పారుదల కావాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేపలకి హార్మోన్ ఇంజెక్షన్‌ ఇచ్చి గుడ్లు పెట్టించాకే పిల్లలు హేచరీల్లో తయారవడం మొదలైంది. ఇవాళ ఏ చెరువులోనైనా ఉన్న బొచ్చె ఎవరో తెచ్చి వేసిందే. పదేళ్లు పెరిగిన చేపని సంతకి పంపితే, కొత్త పిల్లలు తెచ్చి వేసి మళ్లీ పదేళ్లు ఆగాలి. ఇదే మాట ఆయనతో కూర్చుని మాట్లాడాం. ఇప్పుడు ఆరు కిలోలు దాటినవి వలలో పడినా వదిలేస్తున్నారు, దానికి తగ్గట్టు మా దగ్గర అద్దె కొంచెం పెంచారు. సంతోషంగా ఇస్తున్నాం.

గది మామూలుగానే ఉంటుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు మంచాలు, బాత్రూం ఒక్కటే. దోమతెర మీరే తెచ్చుకోండి. కరెంటు పోతే గంటల తరబడి రాదు, పవర్‌బ్యాంకు తప్పనిసరి. రాత్రి గట్టు మీద టార్చి లేకుండా అడుగు వేయొద్దు, నీరుకట్టు పాము ఏం చేయదు గానీ రక్తపింజర కూడా తిరుగుతుంది. వంట చేసే అమ్మ పొద్దున్నే ఇచ్చే చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, ఎండుచేప కోసమైనా ఇంకో రోజు ఉండాలనిపిస్తుంది.

రాడ్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. 10 నుంచి 12 అడుగుల కార్బన్ రాడ్, చేప లాగినప్పుడు తంగూసుని కుదుపు లేకుండా వదిలే డ్రాగ్ ఉన్న రీల్, పాతది కాని తంగూసు ఉంటే చాలు. తంగూసు ఎండకి పాడవుతుంది, ఏటా మార్చండి. సంక్రాంతి సెలవుల్లో కంటే ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా బాగుంటుంది, నీళ్లు వెచ్చబడి చేప బాగా తింటుంది. ఏప్రిల్ దాటితే నీళ్లు తగ్గి చేపకే కష్టం, ఓనర్ గారే వద్దంటారు. నలుగురికీ గట్టు, గది, రెండు పూటలా భోజనం కలిపి వారానికి కిందటిసారి 24,000 అయింది, మేత మనదే. బుక్ చేసేముందు ఫోన్లో రెండే అడగండి: నీళ్లు ఎంత ఉన్నాయి, చివరిసారి వల ఎప్పుడు లాగారు.