కోట దగ్గర క్లారినెట్ క్లాసు
విజయనగరం కోట దగ్గర ఒక మాస్టారి క్లారినెట్ క్లాసుకి మా అబ్బాయిని పంపిస్తున్నాం, ఆయన ఆర్కెస్ట్రాలో వాయించి తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 1919లో పెట్టిన, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరే కానీ, వయొలిన్‌కి దొరికినంత తేలిగ్గా ఈ వాయిద్యానికి గురువు దొరకరు. మొదట్లో పాటల్లేవు. రీడ్ (ఊదే చోట బిగించే పల్చటి బద్ద) నోట్లో తడిపి, కింది పెదవి పళ్ల మీదకి మడిచి, ఊపిరి ఉన్నంతసేపూ ఒకటే స్వరం. పిల్లాడికి విసుగు, నాకైతే తెగ నచ్చింది. పై స్వరాలకి వెళ్లడానికి బొటనవేలితో నొక్కే మీట, అంటే రిజిస్టర్ కీ, నొక్కితే ఫ్లూట్‌లా పై స్థాయి అదే స్వరం రాదు, 12వ స్వరానికి ఎగురుతుంది, అందుకే వేళ్లు తికమకపడతాయని వాయించి మరీ చూపించారు. లోటల్లా టైమే, పెళ్లిళ్ల సీజన్లో బ్యాండువాళ్లు ఆయన దగ్గరికి వాయిద్యాల రిపేరుకొచ్చారంటే క్లాసు ఆలస్యం. రీడ్లు మనమే కొనుక్కోవాలి, ఒకేసారి పెట్టె తెప్పించుకోండి.