ఇన్సులిన్ యాంటీబాడీ: గినీ పిగ్‌దా, చిట్టెలుకదా, కుందేలుదా?

ప్యాంక్రియాస్ సెక్షన్‌లో (పలచగా కోసిన ముక్కలో) యాంటీబాడీతో, అంటే ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే అణువుతో, ఇన్సులిన్ చూపించడం పెద్ద కష్టమేమీ కాదు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో అది దండిగా ఉంటుంది కాబట్టి ఒక మోస్తరు యాంటీబాడీ అయినా రంగు చూపిస్తుంది. అదే స్లైడ్ మీద ఇంకో రెండు ప్రోటీన్లు కూడా చూడాలన్నప్పుడే తంటా. అందుకే కేటలాగ్ తెరిచేముందు రెండు సంగతులు తేల్చుకోండి: శాంపిల్ ఏ జంతువుది? పక్కన వాడబోయే యాంటీబాడీలు ఏ జంతువులో తయారయ్యాయి? రంగు చూపించేది సెకండరీ, అంటే మొదటి యాంటీబాడీని దాని జంతువును బట్టి పట్టుకునే రెండో యాంటీబాడీ. అందుకే ఒకే జంతువువి రెండు ఉంటే వేరుచేయడం కష్టం.

చిట్టెలుక సెక్షన్లయితే నా ఓటు గినీ పిగ్ పాలిక్లోనల్‌కే (జంతువు రక్తం నుంచి తీసిన, రకరకాల యాంటీబాడీల మిశ్రమం). ఇన్సులిన్‌కి గినీ పిగ్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మనిషి ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల్లో పందికీ మనకీ ఒక్కటే తేడా, ఆవుతో మూడు. గినీ పిగ్ ఇన్సులిన్ మాత్రం వీటన్నిటికీ బాగా దూరం. దాంతో పంది ఇన్సులినో ఆవు ఇన్సులినో ఎక్కిస్తే దాని ఒంటికి అది పూర్తిగా పరాయి సరుకు. గట్టి యాంటీబాడీలు పుడతాయి. రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1960లో రేడియో ఇమ్యునో అస్సేతో (రేడియోధార్మిక గుర్తు, యాంటీబాడీ వాడి కొలిచే పద్ధతి) రక్తంలో ఇన్సులిన్ కొలిచింది కూడా గినీ పిగ్ సీరమ్‌తోనే.

ఇప్పటి లాభం ఇంకొకటి. గ్లూకగాన్‌కి (ఆల్ఫా కణాల హార్మోన్) చిట్టెలుక మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ; చిట్టెలుక సెక్షన్ మీద దీని చిక్కు కింద చెప్తాను), పీడీఎక్స్1కి (బీటా కణాల్లోని ఒక ప్రోటీన్) కుందేలు యాంటీబాడీ పెట్టినా గినీ పిగ్ వీటిలో దేనికీ అడ్డం రాదు. సెకండరీలు మాత్రం క్రాస్ అడ్సార్బ్ చేసినవే (వేరే జంతువుల యాంటీబాడీలను పట్టుకునేవాటిని తీసేసినవే) కొనాలి. స్టెయినింగ్ సరిగ్గా కుదిరితే చిట్టెలుక ఐలెట్ (ఈ హార్మోన్ కణాల గుంపు) నడుమంతా ఇన్సులిన్ ఆకుపచ్చగా, చుట్టూ గ్లూకగాన్ సన్నటి ఎర్ర అంచుగా కనిపిస్తుంది. మనిషి ఐలెట్‌లో ఈ అమరిక ఉండదు, రెండు రంగులూ కలగాపులగంగా ఉంటాయి. అది చూసి యాంటీబాడీ పాడైందని టెన్షన్ పడకండి.

గినీ పిగ్ పాలిక్లోనల్ లోపమల్లా లాట్ (తయారీ విడత) మారడం. జంతువు మారితే సీరమూ మారుతుంది. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా డైల్యూషన్ (ఎంత పలుచన చేయాలో) మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

చిట్టెలుక మోనోక్లోనల్‌కి ఆ బెడద తక్కువ. మనిషి సెక్షన్ల మీద చక్కగా పనిచేస్తుంది. చిట్టెలుక సెక్షన్ మీద వేస్తే మాత్రం సెకండరీ కణజాలంలోని సొంత ఐజీజీని (రక్తంలో ఉండే యాంటీబాడీని) కూడా పట్టుకుంటుంది, రక్తనాళాలు కూడా మెరుస్తాయి. బ్లాకింగ్ కిట్లు ఉన్నాయిగానీ, వేరే దారి ఉండగా అదనపు ఖర్చెందుకు? పెద్ద ఎలుకల మీదా జాగ్రత్త అవసరమే. హైదరాబాద్ ఎన్‌ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థలో) పెంచే ఊబకాయపు ఎలుకల సెక్షన్లయినా సరే, ఎలుక ఐజీజీతో అడ్సార్బ్ చేసిన సెకండరీ కావాలి.

మోనోక్లోనల్‌కి అసలు చోటు శాండ్‌విచ్ ఎలైజా (రెండు యాంటీబాడీల మధ్య ఇన్సులిన్‌ని పట్టి ఎంత ఉందో కొలిచే పరీక్ష). ఇన్సులిన్ మీద వేర్వేరు చోట్ల పట్టుకునే రెండు మోనోక్లోనల్‌లు జతగా కావాలి. ప్రోఇన్సులిన్‌ని (ఇన్సులిన్‌గా మారకముందు రూపాన్ని) ఎంత పట్టుకుంటాయో డేటాషీట్‌లో చూడకుండా కిట్ ఆర్డర్ పెట్టకండి.

కుందేలు రీకాంబినెంట్ (జన్యువును కణాల్లో పెట్టి తయారుచేసే) మోనోక్లోనల్ సీక్వెన్స్ తెలిసినది కాబట్టి ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టుకి అదే నమ్మకం. చిక్కేమిటంటే, మీకు కావాల్సిన మిగతా యాంటీబాడీల్లో సగం కుందేలువే అయి ఉంటాయి.

వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రోటీన్లను జెల్‌లో సైజును బట్టి విడదీసి, మెంబ్రేన్ అనే పలచటి పొర మీదికి ఎక్కించి చూసే పద్ధతికి)? ఏదీ కొనకండి. ఇన్సులిన్ 5.8 కిలోడాల్టన్లే. రెడ్యూసింగ్ బఫర్‌లో (గొలుసులను కలిపే బంధాలు తెంచే ద్రావణంలో) అది కూడా 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులుగా విడిపోతుంది. మామూలు జెల్‌లోంచి జారిపోతుంది, 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లో నిలవదు. చివరికి నింద యాంటీబాడీ మీద పడుతుంది.

మూలకణాల నుంచి బీటా కణాలు తయారుచేసేవాళ్ల లెక్క వేరు. కల్చర్ మీడియాలో కలిపిన ఇన్సులిన్‌ని కణాలు పీల్చుకుని, తామే తయారుచేసినట్టు కనిపిస్తాయి. 2003లో డగ్లస్ మెల్టన్ బృందం దీన్ని రుజువు చేసింది. ఈ పనికి ఎంత మంచి ఇన్సులిన్ యాంటీబాడీ అయినా ఒంటరిగా సరిపోదు. పక్కన సి-పెప్టైడ్ (ప్రోఇన్సులిన్ ఇన్సులిన్‌గా మారేటప్పుడు తెగిపోయే ముక్క) యాంటీబాడీ పెట్టండి. మీడియాలో పోసే శుద్ధమైన ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు కాబట్టి అది కనిపిస్తే కణం సొంతంగా తయారుచేసిందనే.