బ్రాడ్‌వే టికెట్ ఎక్కడ కొనాలి: స్టార్ రాని రోజు లెక్కన ఒక రివ్యూ

న్యూయార్క్ బ్రాడ్‌వేలో మ్యూజికల్ టికెట్ నాలుగు చోట్ల దొరుకుతుంది. థియేటర్ బాక్సాఫీసు కిటికీ ఒకటి. టెలిచార్జ్, టికెట్‌మాస్టర్ లాంటి అధికారిక సైట్లు రెండోది. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద ఉండే తగ్గింపు టికెట్ల కౌంటరు టీకేటీఎస్ మూడోది. చేతులు మారిన టికెట్లు అమ్మే రీసేల్ సైట్లు నాలుగోది. షో సవ్యంగా నడిచిన రోజున నాలుగింటికీ తేడా ధరలోనే. స్టార్ రాని రోజునో, షోనే ఎత్తేసిన రోజునో అసలు బండారం బయటపడుతుంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రైలెక్కి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని, నలుగురికీ కలిపి వందల డాలర్లు పోసేవాళ్లు ముందు ఆ రోజు సంగతి తెలుసుకోవాలి.

కొనేముందు పోస్టరు చూడండి. నటి పేరు నాటకం పేరుకి పైన ఉందా, కింద ఉందా? ఇది అలంకారం కాదు, డబ్బుల వ్యవహారం. పేరు పైన ఉన్న నటులు ఆ పూట రాకపోతేనే రీఫండో, ఇంకో తేదీకి మార్పో అడిగే వీలుంటుంది. పేరు కింద ఉంటే, వాళ్ల ఇంట్లో బ్రాడ్‌వే అవార్డులైన టోనీలు ఎన్ని ఉన్నా సరే, మీ టికెట్ చెల్లిపోయినట్టే. వీలున్నప్పుడు కూడా తెర లేవకముందే అడగాలి. ఇంటర్వెల్ దాకా చూసి, బాలేదని కిటికీ దగ్గరికెళ్తే ఎవరూ వినరు.

రాలేదని తెలిసేదెలా? మార్పును మామూలుగా చెప్పే దారులు మూడు: లాబీలో బోర్డు, ప్రేక్షకులకిచ్చే ప్లేబిల్ పుస్తకంలో చీటీ, మైకులో ప్రకటన. ప్లేబిల్ తెరవగానే ఒళ్లో జారిపడే ఆ చిన్న కాగితం మీద ఉండేది ఒక్క వాక్యమే: ఈ ప్రదర్శనలో ఫలానా పాత్ర ఫలానావారు పోషిస్తారు. ఆ కాగితం చేతికొచ్చేసరికి మీరు సీట్లో ఉంటారు, కిటికీ దాకా తిరిగి వెళ్లే టైము మిగలదు. అందుకని టికెట్ స్కాన్ చేయించకముందే లాబీ బోర్డు చదవండి. అనుమానముంటే నేరుగా బాక్సాఫీసులో అడగండి. అరగంట ముందు చేరేది ఇందుకే, ఫొటోలకి కాదు.

బదులు వచ్చేవాళ్లంతా ఒక రకం కాదు. అండర్‌స్టడీ అదే షోలో వేరే చిన్న వేషం వేస్తూ ఈ పాత్ర కూడా నేర్చుకుని ఉంటారు. స్టాండ్‌బైకి ఆ పూట వేరే వేషం ఉండదు, పిలిస్తే అందేంత దూరంలో ఉండాలి. స్వింగ్ అంటే బృందంలో ఎవరు రాకపోయినా ఆ చోటు నింపేవాళ్లు. ఆల్టర్నేట్‌కి వారంలో ఫలానా పూటలని ముందే రాసి ఉంటుంది. మన పద్య నాటకాల పోస్టర్లలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేసేవాళ్లు గుర్తుందా? రెండో కృష్ణుడి పద్యానికి వన్స్ మోర్ పడిన రాత్రులు తక్కువేం కాదు. ఆల్టర్నేట్ రోజున వెళ్లడం నష్టం కాదు, తెలియకుండా వెళ్లడమే నష్టం. 2017లో ‘హలో, డాలీ!’ బెట్ మిడ్లర్ పేరు మీదే అమ్ముడుపోయింది. అయితే జూన్ నుంచి మంగళవారాలు డోనా మర్ఫీవి. అది ముందే ప్రకటించిన ఏర్పాటు కాబట్టి, మంగళవారం కొని మిడ్లర్ రాలేదని గోల చేస్తే తప్పు కొన్నవాళ్లదే.

ఇక కౌంటర్ల సంగతి.

బాక్సాఫీసుకే మా మొదటి ఓటు. సర్వీసు చార్జీ ఉండదు. సీటు గురించి అడిగితే మనిషి జవాబిస్తాడు, గొడవొచ్చినా అదే కిటికీకి వెళ్లొచ్చు. మాన్‌హాటన్ దాకా పోవాలన్నదే ఇబ్బంది.

అధికారిక సైట్లలో టికెట్టుకింత సర్వీసు చార్జీ, ఆర్డరుకింత ప్రాసెసింగ్ చార్జీ కలుస్తాయి. నలుగురికి కొంటే అదే ఓ భోజనం ఖర్చు. కానీ షో రద్దయితే అడక్కుండానే డబ్బు కార్డుకి తిరిగొస్తుంది. ఏ సైటు అసలుదో తేల్చుకోవాలంటే షో సొంత వెబ్‌సైట్లోంచే టికెట్ల లింకు నొక్కండి. గూగుల్‌లో వెతికితే పైన కనబడే ప్రకటనల్లో రీసేల్ సైట్లే ఎక్కువ.

టీకేటీఎస్ 1973 నుంచి ఉంది. టీడీఎఫ్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. సగం ధర దాకా తగ్గింపు ఇస్తుంది. కొన్నాక వాపసు, మార్పు ఉండవు. అయితే అదే రోజు షోకి కొంటారు కాబట్టి, మూణ్ణెల్ల ముందు కొన్నవాళ్లకుండే బెంగ ఇక్కడ ఉండదు. పెద్ద స్టార్ షోలు ఆ బోర్డు మీదికి అరుదుగా వస్తాయి. నిన్నటిదాకా దొరకని షో హఠాత్తుగా సగం ధరకి కనబడితే సంతోషించేముందు కాస్త ఆలోచించండి, అది కూడా ఒక కబురే.

రీసేల్ సైటు వద్దు. థియేటర్ రీఫండ్ ఇచ్చినా, అది మొదట కొన్నవాడి కార్డుకి, అసలు ధర మేరకే వెళ్తుంది. మీరు మూడింతలు పెట్టి కొన్న టికెట్టుతో థియేటర్‌కి సంబంధం లేదు.

షో ఆగిపోతుందా, స్టార్ వెళ్లిపోతుందా అని అభిమానులు చేసే ఊహాగానాల్లో కొన్నిటికి నిజంగానే విలువుంది. నిర్మాతలు, థియేటర్ యజమానుల సంఘం బ్రాడ్‌వే లీగ్ ప్రతి వారం షోల వసూళ్లు, నిండిన సీట్ల శాతం బయటపెడుతుంది. థియేటర్ ఒప్పందంలో సాధారణంగా ఒక గీత ఉంటుంది: వసూళ్లు వరసగా రెండు వారాలు దాని కింద పడితే యజమాని షోని ఖాళీ చేయమనొచ్చు. ఇంకో గుర్తు, ఒక తేదీ తర్వాత టికెట్ల ధర ఒక్కసారిగా పడిపోవడం. స్టార్ ఒప్పందం అక్కడితో అయిపోతుండొచ్చని అర్థం.

2016 నాటి మ్యూజికల్ ‘షఫుల్ అలాంగ్’ దీనికి పాఠం లాంటిది. ఏప్రిల్ 28న మ్యూజిక్ బాక్స్ థియేటర్‌లో మొదలైంది. దర్శకుడు జార్జ్ సి. వుల్ఫ్, నృత్యాలు సేవియన్ గ్లోవర్, ముందు వరసలో ఆరు టోనీల ఆడ్రా మెక్‌డొనాల్డ్. 10 టోనీ నామినేషన్లు వచ్చాయి, ఆ ఏడాది పోటీలో ‘హామిల్టన్’ ఉండటంతో ఒక్కటీ చేతికి రాలేదు. మెక్‌డొనాల్డ్ గర్భవతి, జులై 24 తర్వాత సెలవు, ఆమె స్థానంలో రియానన్ గిడెన్స్ అని ముందు ప్రకటించారు. జూన్‌లో మాట మారింది, జులై 24నే షో ఆపేస్తున్నామన్నారు. టోనీలు రాకపోవడమే అసలు కారణమని కొందరు, ఆమె లేకుండా అమ్ముడుపోదని కొందరు. నిర్మాతలు బీమా కోసం లండన్ బీమా మార్కెట్ లాయిడ్స్ మీద కేసు వేశారు, 1.4 కోట్ల డాలర్ల దాకా అడిగారు. గర్భం జబ్బూ కాదు, ప్రమాదమూ కాదన్నది బీమావాళ్ల వాదన. ప్రేక్షకుడికి పనికొచ్చే ముక్క ఇది: ఆ తేదీ తర్వాతి టికెట్ అధికారికంగా కొన్నవాళ్లకి డబ్బు పోయే ప్రశ్నే లేదు, రీసేల్‌లో కొన్నవాళ్లకే తిరుగుడు.

స్టార్ కోసం షోనే బలైన కథ అంతకుముందూ ఉంది. 1994లో లాస్ ఏంజెలెస్ ‘సన్‌సెట్ బులవార్డ్’లో గ్లెన్ క్లోజ్ తర్వాత ఫే డనవే రావాల్సింది. ఆమె గొంతు పాత్రకి చాలదని సంగీతకర్త ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ పక్షం తేల్చి, ఆమె రంగం మీదికి రాకముందే అక్కడి షో మూసేసింది. డనవే కోర్టుకెళ్లారు, చివరికి రాజీ కుదిరింది. కారణం గొంతా, జమాఖర్చులా అన్న వాదన అభిమానుల్లో ఈనాటికీ ఆగలేదు. 2012లో ‘రెబెకా’ది ఇంకో తీరు. రిహార్సల్స్‌కి ఒక రోజు ముందు కుప్పకూలింది. 45 లక్షల డాలర్లు పెడతానని, మలేరియాతో పోయాడని చెప్పిన మదుపరి అసలు పుట్టనేలేదు! అంత దూరం ఏ అభిమానీ ఊహించలేకపోయాడు.

‘ఫన్నీ గర్ల్’ చూడండి. 2022 జులై 31న నాయిక ఫ్యానీ వేషం నుంచి బీనీ ఫెల్డ్‌స్టీన్ తప్పుకున్నారు, సెప్టెంబర్ 6న లియా మిషెల్ వచ్చారు. టికెట్ల ధరలు ఆకాశాన్ని అంటాయి. నాలుగు రోజులకే ఆమెకి కొవిడ్. ఆ పూటల్లో ఫ్యానీగా నిలబడిన జూలీ బెంకో పేరు అంతకుముందే ఆగస్టు నెలంతా ఆ పాత్ర వేసి నిలదొక్కుకున్న పేరు.

ఒక చిన్న జాగ్రత్త. టికెట్ ఏ కార్డుతో కొన్నారో రీఫండ్ ఆ కార్డుకే పోతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల కార్డు మీద ఆరునెలల తర్వాతి షో కొనకండి. వాళ్లు విజయవాడ చేరాక షో రద్దయితే లెక్క తేల్చుకోవడానికి రెండు బ్యాంకులు, పన్నెండు ఫోన్లు.