పాత పెట్రోలు కారుకు మాటిమాటికీ కాయిల్ పోతోందా? ఇంకోటి కొనకముందు ఇది చదవండి

పాత పెట్రోలు కారు వాడేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఇగ్నిషన్ కాయిల్ (బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకు పెంచి స్పార్క్ ప్లగ్గుకి పంపే భాగం, మా కారు లాంటివాటిలో సిలిండరుకి ఒకటి ఉంటుంది) పోయిందని కొత్తది వేయిస్తే కొన్నాళ్లకే అదీ పోయి, మళ్లీ ఇంకోటి కొని, ఇలా షెడ్డుకీ స్పేర్ పార్ట్స్ షాపుకీ మధ్య తిరుగుతూ డబ్బులు తగలేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మా 2008 మోడల్ కారుతో మాకు జరిగింది అదే. షాపు పేరు, కారు కంపెనీ పేరు రాయడం లేదు, ఇది ఒక్క షాపుదో ఒక్క మోడల్‌దో కాదు కాబట్టి.

కారు హైదరాబాద్‌లో కొన్నాం. అమ్మినాయన "కాయిల్స్ ఈమధ్యే కొత్తవి వేయించానండి, ఇక ఆ ఖర్చు మీకు లేదు" అన్నాడు. వానలు మొదలవగానే మిస్సింగ్ మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి లాగదు, వెనక పొగలో పచ్చి పెట్రోలు వాసన, ఎదురుగా చెక్ ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే పీ0302 వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అక్కడ పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదన్నమాట. "కాయిల్ పోయింది సార్" అన్నాడు మెకానిక్, మార్చాడు, బండి బ్రహ్మాండంగా నడిచింది. అసలు నమ్మించేది ఇదే. కొత్త కాయిల్ బలంగా ఉంటుంది కాబట్టి లోపల రోగం అలాగే ఉన్నా కొంతకాలం నెట్టుకొస్తుంది. తర్వాత మళ్లీ అదే లైటు, అదే సిలిండరు, అదే మాట. షాపుకెళ్లి అడిగితే "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి వారంటీ ఉండదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

చివరికి వేరే షెడ్డులో ఒక పెద్దాయన కాయిల్ పైకి లాగి, దాని అడుగున ఉండే రబ్బరు బూటుని నా చేతిలో పెట్టాడు. వేలికి ఆయిల్ అంటుకుంది. రబ్బరు ఉబ్బిపోయి మెత్తబడింది, లోపలి వైపు వెంట్రుకంత సన్నటి నల్లటి గీత పైనుంచి కిందిదాకా ఉంది. ప్లగ్గు బిగించే గుంతలోకి టార్చి కొడితే అడుగున నల్లగా ఆయిల్ మెరుస్తోంది. ప్లగ్గు ఊడదీసి, సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టాడు: స్పార్కు దూకే చోట 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్ 1.5 అయింది. ఇన్ని కాయిల్స్ మార్చినా ఎవరూ ఆ ప్లగ్గుని బయటికి తీసి చూసిన పాపాన పోలేదు!

సంగతేంటంటే, కాయిల్ ఎప్పుడూ ఒకే వోల్టేజీ పంపదు. ప్లగ్గు గ్యాప్ దాటడానికి ఎంత కావాలో అంతదాకా వోల్టేజీ పెరుగుతుంది, అది వేల వోల్టుల్లో ఉంటుంది. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ మీద ఒత్తిడి పెరుగుతూ పోతుంది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ కారి ఆ ఆయిల్‌తో రబ్బరు పాడైతే స్పార్కు గ్యాప్‌లో పడకుండా బూటుని చీల్చుకుని పక్కనున్న ఇంజిన్ హెడ్‌కి దూకుతుంది. ఆ నల్లగీత దాని జాడే. ఈ రెండూ అలాగే ఉంచి ఎంత ఖరీదైన కాయిల్ వేసినా దండగే. మా బండికి ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్ హోల్ సీళ్లు, నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేశాకే కాయిల్ నిలబడింది.

కాబట్టి మళ్లీ కాయిల్ కొనమన్నప్పుడు ముందు ఇంజిన్ ఆపించి, రెండో సిలిండర్ కాయిల్ మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో వేయించండి. కోడ్ పీ0303కి, అంటే మూడో సిలిండర్‌కి మారితే కాయిల్ నిజంగానే పోయింది. పీ0302 దగ్గరే ఉంటే ప్లగ్గో, ఇంజెక్టరో, వైరింగో, కంప్రెషనో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, చేయనంటే ఇంకో షెడ్డు చూసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత అలవాటు మాత్రం వద్దనండి, షాక్ కొట్టడమే కాదు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) కూడా పోవచ్చు.

ఎప్పుడూ ఒకే సిలిండర్‌లో పోతుంటే ఆ గుంతలో ఆయిలో నీళ్లో ఉన్నాయేమో చూడండి. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టిస్తే నీళ్లు సరిగ్గా అక్కడే నిలుస్తాయి. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి పోతుంటే అనుమానం కరెంటు వైపు వెళ్లాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి, 15 దాటుతోందంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ చూపించండి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు పాత బండ్లలో తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని విప్పి గీకి బిగించడం చిన్న పనే. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్ ఉన్న బండ్లయితే ఇంకా జాగ్రత్త: గ్యాస్ అంటుకోవడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే అరిగిన ప్లగ్గులతో కాయిల్స్ త్వరగా పోతాయి.

మల్టీమీటర్ పెట్టి "రీడింగ్ బాగానే ఉంది, కాయిల్ మంచిదే" అన్నా పూర్తిగా నమ్మకండి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, ఇంజిన్ వేడెక్కాక చేతులెత్తేసే కాయిల్స్ ఉంటాయి.

డూప్లికేట్ల సంగతి వేరే చెప్పాలి. మాకు ఒరిజినల్ అని అంటగట్టినవాటిలో ఒకటి పాతదాని పక్కన పెట్టి చూస్తే బరువు తక్కువ, కనెక్టరు వదులు, పార్ట్ నంబరు స్టిక్కరు గోటితో గీకితే ఊడొచ్చింది. డబ్బా మాత్రం అచ్చం కంపెనీదే! డబ్బా చూసి కాదు, వస్తువు చూసి కొనండి. పార్ట్ నంబరుతో బిల్లు అడగండి, బిల్లు ఇవ్వని చోట కాయిల్ లాంటివి కొనొద్దు. నకిలీ అని తేలినా షాపు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు, దానికీ బిల్లే ఆధారం. మార్చిన పాత కాయిల్‌ని షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తోందంటే మిస్‌ఫైర్ గట్టిగా ఉన్నట్టు, కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏమూలకీ రాదు, బండి పక్కన ఆపేయండి.

ఇక కొనేవాళ్లకు: బానెట్ ఎత్తినప్పుడు ఒక్కో సిలిండర్ మీద ఒక్కో కంపెనీ కాయిల్ కనిపిస్తే, లేదా అమ్మేవాళ్లు "కాయిల్స్ కొత్తవి" అని గొప్పగా చెబితే, పాతవి ఎందుకు పోయాయో అడగండి. ఒక కాయిల్ పైకి తీయించి బూటు అడుగు వేలితో తడిమి చూడండి. ఆయిల్ అంటితే ప్యాకింగ్, సీళ్లు, ప్లగ్గుల ఖర్చు రేటులోంచి తగ్గించమనండి, కాయిల్ తీసి చూపించడానికే ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.