టీ షర్టుల ప్రింటింగ్: ట్రాన్స్‌ఫర్ పేపరా, సబ్లిమేషనా, డీటీఎఫ్ ఫిల్మా?

వినాయక చవితి దగ్గర పడితే దేవరకొండలోనైనా మిర్యాలగూడలోనైనా ఫ్లెక్సీ షాపులకు వచ్చే బేరం ఒకటే: "అన్నా, నలభై టీ షర్టులు, ముందు గణపతి, వెనక మన యూత్ పేరు. నల్లవే కావాలి." నల్ల గుడ్డ అడిగారంటే సగం లెక్క అక్కడే తేలిపోతుంది. బొమ్మను గుడ్డకు అదిమే యంత్రం హీట్ ప్రెస్. అది ఏదైనా ఇచ్చేది వేడి, ఒత్తిడి మాత్రమే. తేడా అంతా దాని కింద ఏం పెడతాం, ఏ గుడ్డ మీద పెడతాం అన్నదానిలో ఉంది.

బొమ్మను కాగితం మీద ప్రింట్ తీసి గుడ్డకు అంటించే ట్రాన్స్‌ఫర్ పేపర్‌కు పెట్టుబడి తక్కువ. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్ చాలు. తెల్ల కాటన్‌కైతే బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ తీసి, 180-190 డిగ్రీల దగ్గర అర నిమిషం లోపు ఒత్తాలి. చిక్కేమిటంటే, బొమ్మతోపాటు కాగితం మీది పొర మొత్తం గుడ్డకు అంటుకుంటుంది. అక్షరాల అంచు వెంబడి కత్తెర ఆడించకపోతే, చుట్టూ నిగనిగలాడే చతురస్రం ఒకటి మిగిలి, ఉతికేకొద్దీ పసుపు తిరుగుతుంది. ముదురు రంగుల కాగితం వేరు: బొమ్మను తిప్పకూడదు, వెనక కాగితం ఒలిచి, పైన టెఫ్లాన్ షీటు కప్పి ఒత్తాలి. అంతా చేశాక వీపు మీద రబ్బరు ముక్క అతికించినట్టుంటుంది. మన ఎండలకు దాన్ని ఎవరు వేసుకుంటారు? పుట్టినరోజుకు ఒకటీ అరా తెల్ల చొక్కాలు అడిగేవారికి తప్ప నేను దీన్ని వాడమనను.

క్రికెట్ జట్ల జెర్సీలకు సబ్లిమేషన్‌ను మించింది లేదు. దీని ఇంకుతో కాగితం మీద ప్రింట్ తీసి ఒత్తితే, దాదాపు 200 డిగ్రీల వద్ద 45 నుంచి 60 సెకన్లలో రంగు ఆవిరై పాలిస్టర్ దారంలోకే ఇంకిపోతుంది. చేత్తో తడిమినా ప్రింట్ ఉన్నట్టు తెలియదు. కాగితం మీద రంగులు వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడి ఇంకు పెంచకండి, ప్రెస్ ఎత్తాక అవే మెరుస్తాయి. కాటన్ మీద మాత్రం నిలవదు. ఇందులో తెల్ల ఇంకు ఉండదు కనుక నల్ల గుడ్డకూ పనికిరాదు.

గణపతి బేరాన్ని గట్టెక్కించేది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. ఫిల్మ్ మీద రంగులు, వాటిపై తెల్ల ఇంకు, దానిమీద జిగురు పొడి. 150-160 డిగ్రీల వద్ద 10-15 సెకన్లు ఒత్తి, ఫిల్మ్ ఒలిచి, మళ్లీ క్షణకాలం ఒత్తితే చాలు. కాటన్, పాలిస్టర్, ఏ రంగైనా సరే. అలాగని ప్రింటర్ కొనేయకండి. తెల్ల ఇంకు అడుగుకు పేరుకుంటుంది. రోజూ నడపకపోతే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. వేసవిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పొడి గాలికి మరీ త్వరగా. పండగలకే పని దొరికే ఊళ్లో అది తెల్ల ఏనుగు. హైదరాబాద్‌లో మీటరు లెక్కన ప్రింట్ చేసి ఇస్తారు, ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు.

కాబట్టి నా ఓటు: ఒక ప్రెస్, ఒక సబ్లిమేషన్ ప్రింటర్, నల్ల చొక్కాలకు బయట కొట్టించిన ఫిల్మ్. ప్రెస్ 15 అంగుళాల చదరపుది తీసుకోండి. కప్పులు, ప్లేట్లు, టోపీలు అన్నీ చేసే కలగూరగంప యంత్రం వద్దు. ప్రెస్‌కు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఫ్యాను ప్లగ్గు నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ వైరు కాలిపోతుంది. వానాకాలం గుడ్డలో చెమ్మ ఉంటుంది కనుక, బొమ్మ పెట్టేముందు ఖాళీ చొక్కాను ఐదు సెకన్లు ఒత్తి ఆ ఆవిరి పోనివ్వండి.