పది టైర్ల లారీకి ముందు మార్చాల్సింది టైర్లా, డిస్కులా?

చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ దిమ్మెలు తోలే నా లారీకి నైలాన్ టైర్లు అరిగిపోయినప్పుడు, పాత 20 అంగుళాల డిస్కులను, అంటే టైరు ఎక్కించే ఇనుప చక్రాలను, అలాగే ఉంచి 10.00 ఆర్ 20 సైజు, ఉక్కు తీగల పొరలుండే రేడియల్ టైర్లు వేయించాను. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోయేది కాబట్టి, డిస్కుల సంగతి తరువాత చూడవచ్చని తీర్మానించుకున్నాను. రేడియళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వేసవిలో కావలి చేరేసరికి నైలాన్ టైరు చెయ్యి పెట్టలేనంతగా కాగేది; రేడియల్ అంత వేడెక్కదు, డీజిలు కూడా కొంత కలిసివస్తుంది.

నా కోపమంతా ఆ లాక్ రింగు డిస్కుల మీదే, అంటే టైరు ఊడిపోకుండా అంచు గాడిలో విడి ఇనుప రింగు బిగించే పాతరకం వాటి మీదే.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం సింగరాయకొండ దాటిన తరువాత, వెనక ఎడమవైపు లోపలి టైరులో గాలి ఒక్కసారిగా దిగిపోయింది. లోపలి టైరు తీయాలంటే ముందు బయటిది ఊడదీయాలి. పైన ఉన్నవి బస్తాలైతే సగం దించుకోవచ్చు, కానీ దిమ్మెను దించాలంటే క్రేను రావాలి; అందువల్ల లోడు మీదే, మెత్తబడిన రోడ్డు అంచులో జాకీ దిగబడకుండా కింద చెక్కలు వేసి ఎత్తవలసి వచ్చింది. పంక్చర్ మేస్త్రీ ట్యూబును బయటికి లాగి, నీళ్లతో కడిగి చూపించాడు. డిస్కు గాడిలో తుప్పు పొరలు పొరలుగా లేచి ముందు ఫ్లాపును, అంటే ట్యూబుకూ డిస్కుకూ మధ్య ఉండే రబ్బరు పట్టీని, అరగదీసింది, ఆ తరువాత ట్యూబుకు దారిపెట్టి గీసినట్టు సన్నని కోత పెట్టింది. "టైరు శుభ్రంగా ఉందన్నా, ట్యూబును కొరుకుతున్నది ఈ డిస్కే" అన్నాడు. అదే చక్రానికి అంతకుముందు పోయిన ట్యూబుల లెక్క అప్పుడు తేలింది. తుప్పుపట్టిన రింగు గాడిలో సరిగా కూర్చోకపోతే గాలి పట్టేటప్పుడు ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. అతడు డిస్కు రంధ్రాల గుండా గొలుసు బిగించిన తరువాతే గాలి పట్టాడు.

ఆ తరువాత ముందు రెండు చక్రాలకు 22.5 అంగుళాల ఇనుప డిస్కులు, 295/80 ట్యూబ్‌లెస్ టైర్లు వేయించాను. ఇక్కడ టైరు ముందా, డిస్కు ముందా అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే పాత 20 అంగుళాల డిస్కు మీద ఆ టైరు ఎక్కదు. రింగు లేదు, ఫ్లాపు లేదు, ట్యూబు లేదు. పాత టైరు పక్కగోడ మీద 146 అని ఉండేది, అంటే ఒక్క టైరు మోయగల బరువు 3,000 కిలోలు. కొత్త దాని మీద 152 ఉంది, అంటే 3,550. అసలు ఆనందం మాత్రం రేవు దగ్గర వరుసలో ఆగినప్పుడు కలిగింది: ముందు టైరులో బొటనవేలంత మేకు దిగి ఉంది, ఎప్పుడు దిగిందో తెలియదు, గాలి కొద్దిగానే తగ్గింది. చక్రం విప్పకుండానే ఆ రంధ్రంలో పురి, అంటే జిగురు రబ్బరు పోగు, దూర్చి సరిచేశారు.

అయితే ఇప్పుడు లారీలో రెండు సైజులున్నాయి, ఒక స్టెప్నీ రెండింటికీ పనికిరాదు, రెండు మోస్తున్నాను. ట్యూబ్‌లెస్ డిస్కు అంచు కాస్త వంగినా గాలి నిలవదు. క్వారీ దారిలో రాయి టైరు పక్కగోడను కోస్తే పురితో బాగుపడదు. డిస్కు అంచు దెబ్బతింటుందన్న భయంతోనే అల్యూమినియం డిస్కుల జోలికి పోలేదు, బరువు తగ్గుతుందని ఎంతమంది చెప్పినా.

డిస్కులు నునుపుగా ఉండి, రింగులు గట్టిగా కూర్చుంటున్న లారీ అయితే ముందుగా టైర్లకే డబ్బు పెట్టమంటాను; తుప్పు పొరలు లేచినవాటి మీద కొత్త టైరు వేయించడం నాకు ఇష్టం లేదు. నా బాడుగల్లో ఎక్కువ భాగం జాతీయ రహదారి మీదే కాబట్టి ఈ మార్పు కలిసివచ్చింది. క్వారీకీ కోత ఫ్యాక్టరీకీ మధ్యే తిరిగే బండికి ఇదే మాట చెప్పలేను. వెనక ఎనిమిది రేడియళ్లకు ఇంకొక రీట్రెడింగ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేయించడం) ఓపిక ఉంది. ఆ కొరికే డిస్కును, దాని జోడీని మాత్రం పాత ఇనుముకు వేసి, అదే సైజు కొత్తవి బిగించాను.