సముద్రానికి దారి: చెకియాకు ఎల్బ్, స్లొవేకియాకు డాన్యూబ్

1993 జనవరి 1న విడిపోయిన చెకియా, స్లొవేకియా రెండింటికీ సముద్రతీరం లేదు. పడవ రవాణాలో మాత్రం స్లొవేకియాదే పైచేయి.

చెకియా నీళ్లలో ఎక్కువ భాగం ఎల్బ్‌లో (అక్కడివారికి లాబె) కలిసి ఉత్తర సముద్రం చేరతాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం ఇచ్చిన హక్కుతో, ఆ నది మీదున్న జర్మనీలోని హాంబర్గ్ రేవులో 1929లో అప్పటి ఉమ్మడి చెకోస్లొవేకియాకు 99 ఏళ్ల లీజు కూడా దక్కింది. విడిపోయాక చెకియాకు వచ్చిన ఆ లీజు 2028లో ముగుస్తుంది. చిక్కంతా ఊస్తీ నాద్ లాబెమ్ నగరానికి దిగువన ఉంది. అక్కడి నుంచి జర్మనీ సరిహద్దు దాకా లాకులు లేవు. ఎండాకాలంలో నీరు తగ్గితే పడవలు సరుకు తగ్గించుకోవాలి, లేదా ఆగిపోవాలి.

స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా డాన్యూబ్ ఒడ్డునే ఉంది. దిగువన గబ్చికోవో ఆనకట్ట, లాకులు 1992లో పనిలోకి వచ్చాక ఆ మేర పడవలకు లోతు సరిపోతోంది. దానిపై హంగరీతో తగాదా అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కి 1997లో తీర్పు వచ్చింది. కిందికి నల్ల సముద్రం. పైకి, 1992లోనే పూర్తయిన రైన్-మైన్-డాన్యూబ్ కాలువ మీదుగా ఉత్తర సముద్రం.